డబ్బా పిడిలో మిగిలింది

జంపక్క చాట పట్టిందంటే గింజల్లో మట్టిబెడ్డ ఒక్కటి మిగలదని పినపాక అవతలి గూడెంలో అందరికీ తెలుసు. కందులైనా మొర్రిపలుకులైనా ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. పెనిమిటి పోతయ్య పోయినకాడ్నుంచి ఆమె చాట ముట్టలేదు.

పోయిన ఎండాకాలం పోతయ్య చేనుకాడ ఇప్పసారా తాగి, నోట నురుగు కక్కుకుంట పడిపోయిండు. దవాఖానా చేరకముందే పానం పోయింది. సారా కాచింది ఆయన తమ్ముడు సమ్మయ్య. శవం పక్కన కూసొని, సమ్మయ్య మొఖం చూసి, అందరి ముందు అన్నది జంపక్క: "నీ సారానే మింగింది నా మనిషిని."

ఆ ఒక్క మాటకు కులపెద్ద పగిడయ్య సమ్మయ్యను వెలేసిండు. అన్న గుంటలో పిడికెడు మట్టి కూడా వెయ్యనియ్యలేదు. సమ్మయ్య మారు మాట్లాడకుండా మణుగూరు పోయి బొగ్గు లారీలకాడ కూలికి కుదిరిండు.

పోలీసోళ్లు సారా కుండను, పోతయ్య సారా పోసుకొని చేనుకు తీసుకపోయిన డబ్బాను, శవాన్ని కోసినప్పుడు కడుపులో దొరికినదాన్ని పరీక్షకు పంపిండ్రు. ఎనిమిది నెలలకు కాయితం వచ్చిందని కబురొస్తే జంపక్క స్టేషనుకు పోయింది. కానిస్టేబులు సరిత కూసోబెట్టి మెల్లగా చెప్పింది. ల్యాబులో సారాను వెంట్రుకంత సన్న గొట్టంలోకి పంపిస్తరట. కలిసినవన్నీ ఒక్కోటి ఒక్కో టైముకు విడివిడిగా బయటికి వస్తయట. వచ్చినదాన్ని ఇంకో మిషను ముక్కలు చేసి, తూకం చూసి, పేరు చెప్తదట.

"చెరిగినట్టే గద బిడ్డా," అన్నది జంపక్క.

"అవ్. కుండల సారాల ఏం లేదు. డబ్బాలదాంట్ల మిరపతోటకు కొట్టే పురుగుమందు ఉన్నది. పోతయ్య కడుపుల దొరికింది గూడ అదే."

ఆ డబ్బా జంపక్కదే. మిరపకాయ ఏరబోయినప్పుడు ఆసామి పారేసిన ఖాళీ మందుడబ్బాను తెచ్చుకున్నది. గూడెంలో నీళ్లకు అందరూ వాడేవి అసొంటి డబ్బాలే. బూడిదేసి ఏడుసార్లు కడిగింది, వారం ఎండబెట్టింది. పిడి లోపల బోలుగా ఉంటదని, అందులో మందు నిలుస్తదని తట్టనే లేదు. తెలియక జరిగింది, నీమీద కేసు లేదన్నది సరిత. కేసన్నా పెడితే బాగుండు అనుకున్నది జంపక్క.

అటునుంచి అటే మణుగూరు పోయింది. సమ్మయ్య ఒళ్లంతా బొగ్గు మసి. కాయితం సంగతి చెప్తే చేతుల మసి తుండుకు తుడుచుకున్నడు. అప్పుడన్నడు.

"ఆ దినమే డబ్బా వాసన చూసిన వదినా. చెప్తే నువ్వు బతకవనుకున్న."

ఇంటికి రమ్మన్నది. తనొస్తే ఎందుకొచ్చినవని ఊరు అడుగుతది, డబ్బా సంగతి బయటపడ్తది, వద్దులే అన్నడు. చాయ్ తెప్పించిండు. ఆమె తాగకుండనే లేచింది.

పొద్దుగూకే యాళ్లకు జంపక్క పగిడయ్య వాకిట్లో నిలబడి కాయితం చాపింది. ఆయనకూ చదువు రాదు.

"సమ్మయ్య కాదు," అన్నది.

"మరెవరు?"

జంపక్క పక్కకు చూసింది. వచ్చిన మనిషికి ఇద్దామని పగిడయ్య కోడలు అసొంటి తెల్ల మందుడబ్బానే వంచి చెంబులోకి నీళ్లు పోస్తున్నది.

"ఆ నీళ్లు తాగకుండ్రి," అన్నది జంపక్క.

ఎందుకో చెప్పక తప్పలేదు.