మా చేనులో వయ్యారిభామ

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందటి బుధవారం, పొద్దున పదిన్నర. గడియారం చూసి చెప్పడం లేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు మా చేను పక్కన ఆగేది ఆ వేళకే. ఆ రోజుల్లో కొత్త కోడళ్లు తల వంచుకుని పని చేసేవాళ్లని చాలామంది గొప్పగా చెబుతారు. నేనూ తల వంచుకునే చేశాను. వంచుకుని ఏం పీకుతున్నానో మాత్రం చూసుకోలేదు.

మాది బీర్కూర్ దిక్కు. కాలువ నీళ్లు, ఎటు చూసినా వరి. వరిలో కలుపు ఏదో కళ్లు మూసుకుని చెప్పగలను గానీ, పూల చెట్ల సంగతి నాకేం తెలుసు? అత్తగారి ఊరికి వస్తే బావి దగ్గర చామంతి మడి. అత్తమ్మ ఆషాఢంలో పిలకలు నాటి, ఆడబిడ్డ కాన్పుకని దోమకొండ పోయింది. పోయేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి, "పిల్లా, గడ్డి పీకు, చామంతిని కాపాడు. మొగ్గ తొడిగిందనుకో, బతుకమ్మకు నిన్ను తల్లిగారింటికి పంపుత. లేకుంటే ఈడనే ఆడు" అని చెప్పింది. పెళ్లయిన మొదటి బతుకమ్మకు పుట్టింటికి పోకపోతే అక్కడ నా ఈడు పిల్లలందరూ ఏమనుకుంటారో అని నాకు నిద్ర పట్టేది కాదు (నిజం చెప్పాలంటే వాళ్లేమీ అనుకోరు. నాకే పోవాలని ఉండేది).

కొన్నాళ్లకు మడిలో రెండు రకాల మొక్కలు కనిపించాయి. రెండిటి ఆకులూ చీలికలు చీలికలుగా అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఒకటి నేలను కరుచుకుని, ముఖం వేలాడేసి ఉంది. ఇంకోటి నిగనిగలాడుతూ పైకి లేస్తోంది. అత్తమ్మ చెయ్యి పడిన మొక్క ఏడుపు ముఖంతో ఎందుకుంటుంది? ఇంకా అనుమానంగానే ఉండి పంచాయతీ ఆఫీసు దగ్గరికి పోతే, గోడ మీద పెద్ద కాగితం, దాని మీద ఆ నిగనిగలాడే మొక్క బొమ్మే, కింద లావు అక్షరాలు. (నేను అక్షరాలు నేర్చుకుంది మనుమరాలు పుట్టినంక. అప్పటికి నాకు అవన్నీ చీమల బారే.) సర్కారు బొమ్మ వేసి మరీ గోడకు అంటించిందంటే పెంచమనే కదా అనుకున్నాను. ఇంటికొచ్చి, ఏడుపు ముఖం మొక్కలన్నీ వేర్లతో సహా పీకి పారేశాను.

ఇక మిగిలినదానికి నేను చేసిన సేవ నా పిల్లలకు కూడా చేయలేదు. మేకల ఎరువు వేశాను, బిందెలతో నీళ్లు మోశాను. చేతులు దురద పెట్టేవి, ఎరువు పడలేదనుకున్నాను. నడుము దాకా పెరిగి, తెల్లటి చిన్న చిన్న మొగ్గలు తొడిగింది. తెల్ల చామంతి అనుకుని బట్టలు సర్దుకున్నాను.

ఆ బుధవారం మా మామ, వరికి తెగులు వచ్చిందని వ్యవసాయం సారును పిలుచుకొచ్చాడు. మామకు చెవులు కొంచెం దూరం. నేను పచ్చ చీర కట్టుకుని మడి మధ్యలో, ఒక చెయ్యి నడుము మీద, ఇంకో చేతిలో కొడవలితో నిలబడి ఉన్నాను. సారు గట్టు మీద ఆగి నా దిక్కు చూస్తూ, "అబ్బ, వయ్యారిభామ" అన్నాడు. ఆ మాట ఒక మొక్క పేరని నేను పుట్టినప్పటి నుంచి వినలేదు. ఆ మడిలో ఆ మాటకు తగినదాన్ని నేను కాక ఇంకెవరున్నారు?

"ఏం ఏపుగ పెరిగింది పెద్దాయనా. యాడికెల్లి వచ్చింది ఇది?" అన్నాడు సారు.

"బీర్కూర్ దిక్కు సారు. మొన్న ఎండకాలమే తెచ్చుకున్నం" అన్నాడు మామ సంబరంగా.

"తెచ్చుకున్నరా? ఒక్కటి జొరబడితే చాలు, అంత పాడు చేస్తది. ముట్టుకుంటే దురద, పక్కనున్నోళ్లకు దమ్ము, ఆయాసం. వేర్లతోని పీకి అవతల పడెయ్యాలె."

మామ తల గోక్కుంటూ, "గట్లెట్ల పడేస్తం సారు, మా పిలగాడు ఊకుంటడా" అన్నాడు.

నేను కొడవలితోనే గట్టు దాకా పోయాను. "ఏంది సారూ, నీ ఇంట్ల ఆడిబిడ్డలు లేరా? మా మామ ముంగటనే గిట్ల మాట్లాడుతవా?"

"అమ్మా, నేను గడ్డినంటున్న."

"మల్ల నన్ను గడ్డి అంటవా?"

సారు వెనక్కి జరిగి జరిగి నీళ్ల కాలువలో కాలు వేశాడు. పక్క చేను సాయెబుల పెద్దమ్మ, మేమంతా ఖాలా అంటాం, మిరప మొక్కల మధ్య కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "అరే బేటీ, నిన్ను కాదు. నువ్వు నీళ్లు పోసి సాదుతున్న ఆ చెట్టు పేరే వయ్యారిభామ. రోజూ చూస్తున్న, ఏదో మందుకు పెంచుతున్నవేమో అనుకున్న." మామకు చెవిలో అరిచి చెబితే ఆయనా నవ్వుతూ గట్టు మీద కూర్చున్నాడు. నేను మాత్రం నవ్వలేదు. చామంతి పోయింది, పుట్టిల్లు పోయింది అనుకుని కొడవలి పారేసి ఏడుపు అందుకున్నాను.

అప్పుడే బస్సు ఆగింది. దోమకొండ నుంచి అత్తమ్మ సంచితో దిగి, సంగతంతా ఖాలా నోట విని, మడి చుట్టూ తిరిగింది. ఒక కొమ్మ వంచి చూసింది.

"మొగ్గ తొడిగితే పంపుతనన్న. తొడిగింది. ఏ చెట్టుకు అనేది నేను చెప్పలె, తప్పు నాదే" అంది. నేను ముక్కు తుడుచుకుంటుంటే ఇంకో మాట కూడా అంది. "నువ్వు ఈడుంటే రేపు నా వంకాయ మడి గూడ పీకుతవ్. తల్లిగారింటికి పో. కాని గిదంత పీకినంకనే."

చేతులకు బట్టలు చుట్టుకుని పొద్దుగూకే దాకా పీకాం. తడిసిన ప్యాంటు మడుచుకుని సారు కూడా ఒక వరుస పట్టాడు. తెల్లారి నేను బీర్కూర్ పోయాను. మోచేతుల దాకా దద్దుర్లతోనే బతుకమ్మ ఆడాను.

ఆ రోజు అక్కడ ఉన్నది మా అత్తమ్మ, మా చెవిటి మామ, పక్క చేను ఖాలా, పేరు కూడా అడగని ఆ సారు, ఇంకా వయ్యారిభామ అని ఎవరు అన్నా నా గురించే అని నమ్మేంత వయసులో ఉన్న నేను.