ఖాజా సాబ్ మణికట్టు

ఫిబ్రవరి, రెండో ఆదివారం. ఆదోని, పాత పత్తి జిన్నింగ్ మిల్లు గోదాము. ఉన్నవారు: మా మిల్లు యజమాని మనవరాలు మాలిని, ఎమ్మిగనూరులో బ్యాటరీల దుకాణం నడిపే మెకానిక్ వీరేశ్, గోదాము అద్దెకు తీసుకుని పరుపులు కుట్టే రఫీ, నేను.

డైరీలో ఆ రోజు రాత ఇలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, ఆ తర్వాతే జరిగిన సంగతి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నాకు ఇదే పద్ధతి. అయితే ఆ ఉదయం గోదాము తలుపు తీయగానే ముక్కుకు తగిలిన వాసన గురించి రాయడానికి చాలాసేపు చెయ్యి ఆడలేదు. రెండు వాసనలు కలిసి వచ్చాయి. ఒకటి పత్తి ధూళిది, గొంతులో గరగరలాడేది. రెండోది పాత బ్యాటరీలలో ఎండిపోయిన ఆసిడ్‌ది, పులుపుగా, ఇనుము తుప్పులా ఉండేది. ఈ రెండూ ఒక కప్పు కింద ఉండకూడదని నాకు నేర్పిన మనిషి ఖాజా సాబ్. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

ఖాజా సాబ్ మా మిల్లు మేనేజరు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి నుంచి వచ్చి ఎలక్ట్రికల్ సెక్షన్‌లో చేరిన నాకు ఆయనే మొదటి అధికారి. సన్నటి మనిషి, పొట్టి గడ్డం, చేతులు మడిచిన తెల్ల చొక్కా. ఆయనకు నిప్పంటే భయం. ఆ భయాన్ని దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. మిల్లు గేటుకు ఒక రేకు డబ్బా వేలాడదీశాడు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ అగ్గిపెట్టె, బీడీలు అందులో వేసి రావాలి. హమాలీలు చాటున ఆయనను అగ్గి సాబ్ అనేవారు. ఆ పేరు ఆయనకూ తెలుసు. "అననీరా, అగ్గి గుర్తుంటే సాలు" అనేవాడు.

యజమానికి ఒక ఎర్రటి విదేశీ బండి ఉండేది. ఇద్దరే కూర్చోగల, పైకప్పు తీసేసుకోగల స్పోర్ట్స్ కారు. ఊళ్లో దాని చప్పుడు వినపడితే పిల్లలు పరిగెత్తి వచ్చేవారు. పత్తి సీజను నడుస్తున్న రోజుల్లో ఒకసారి ఆయన ఆ బండిలో గేటు దగ్గరికి వచ్చాడు. ఖాజా సాబ్ ఎదురు వెళ్లి చెయ్యి ఎత్తాడు.

"ఏమప్పా ఖాజా, నా మిల్లుకు నేను రాకూడదా?"

"మీరు రాండి. బండి రాదు. దాని గొట్టంలోనుంచి ఒక్క రవ్వ వచ్చినాదంటే ఈ మిల్లు మీదీ కాదు, నాదీ కాదు."

యజమాని ఇంజిన్ ఆపేశాడు. సిగరెట్ పెట్టె తనే తీసి రేకు డబ్బాలో వేశాడు. హమాలీలు వెనక నుంచి తోస్తుంటే స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. "సేటును పెండ్లికొడుకు మాదిరి ఊరేగిస్తాండాము సాబ్, బాజాలే తక్కువ" అన్నాడు ఒక హమాలీ. అందరూ నవ్వారు, యజమాని కూడా నవ్వాడు. ఖాజా సాబ్ మాత్రం బండి పత్తి కుప్పలు దాటేదాకా వంగి, దాని కిందికి చూస్తూ నడిచాడు.

అంత భయం దేనికో నాకు ఒక ఉదయం తెలిసింది. ముందురోజు పత్తిలో కలిసి వచ్చిన ఇనుప ముక్క యంత్రంలో పడి మెరుపు మెరిసింది. అంతా ఆపి చూశాం. పొగ లేదు, వాసన లేదు. మర్నాడు నేను పనికి వచ్చేసరికి ఖాజా సాబ్ మూట మూట దగ్గరా వంగి తాకి చూస్తున్నాడు. నేనూ వెళ్లి అరచెయ్యి ఆనించాను.

"అరచెయ్యి కాదు రా నాగప్పా. పని చేసి చేసి అది మొద్దుబారి ఉంటాది. ఈడ పెట్టు." నా చేతిని వెల్లకిలా తిప్పి, మణికట్టు లోపలి వైపు వేలితో తట్టాడు. "పసిబిడ్డకు పాలు కాగినాయో లేదో సూస్తారే, ఆడ."

"నిన్ననే అంతా చూసినాము కదా సాబ్. ఏంగాలేదు."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. "పత్తిలో పడిన నిప్పు మంట లేపదు బేటా. లోపల్లోపలే తింటా పోతాది. ఈ పొద్దు పడితే రేపు పొద్దునకు తెలుస్తాది. వేరే మిల్లులో మా సూపర్‌వైజరు కూడా ఇట్లనే ఏంగాలేదు అన్నాడు. మా అన్న ఆ మూటల మీదనే పండుకున్నాడు." పక్క మూట మీద చెయ్యి పెడుతూ, "ఏంగాలేదని ఎప్పుడూ అనొద్దు. రేపు పొద్దున సూస్తాము అను" అన్నాడు. ఆ రోజు అన్ని మూటలూ చల్లగానే ఉన్నాయి. ఆయన ముఖంలో మాత్రం ఎక్కడా ఊరట కనపడలేదు.

ఆ ఎర్రబండిలో సీట్ల వెనక, నేల పలక కింది పెట్టెలో, ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. రెండూ కలిస్తే పన్నెండు. ఒకసారి అవి చచ్చిపోతే కొత్తవి తేవడానికి ఖాజా సాబ్ నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు వెళ్లాడు. దుకాణదారు ఏది ఎంత జోరుగా పనిచేస్తుందో, ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పుకుపోతున్నాడు. ఖాజా సాబ్ అంతా విని, "అది సరే. పగిలితే ఎవరి వీపు మీద పగులుతాది?" అన్నాడు. దుకాణదారు చేతిలోది పక్కన పెట్టి, వెనక అరలోంచి వేరేవి తీశాడు. ఆ రోజు మేము తెచ్చినవి జోరు తక్కువవి, పెట్టెలో కదలకుండా బిగిసి కూర్చునేవి.

ఇప్పుడు బండి ఈ గోదాములోనే మూలపడి ఉంది, ఆ రెండూ పగిలి, తెల్లటి పొక్కులు కట్టి ఉన్నాయి. ఉగాదికి వాళ్ల అవ్వను ఆ బండిలో ఎమ్మిగనూరు దాకా తిప్పాలని మాలిని కోరిక. బండి సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలానని, ముందువారం నన్ను వీరేశ్ దుకాణానికి తీసుకువెళ్లింది. ఆరు వోల్టులవి ఇప్పుడు ఎవరూ వాడరని, పన్నెండు వోల్టులది ఒక్కటి పెడితే సరిపోతుందని వీరేశ్ అన్నాడు. అది నిజమే. నేను బండిలోని పెట్టెను కొలిచి తెచ్చిన దారం పెట్టి చూశాను. తీగలు లాగకుండా అందేలా బ్యాటరీ మొనలు ఏ పక్కన ఉన్నాయో చూశాను. తర్వాత ఖాజా సాబ్ ప్రశ్నే అడిగాను.

"పగిలేదేంది సార్, అన్నీ సీల్ చేసినవే" అని నవ్వాడు వీరేశ్. "మీరు బ్యాటరీకి వచ్చినారా, బాంబుకు వచ్చినారా?"

మాలిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం లోపలి ఆవిరిని సన్నటి గొట్టంతో బండి కిందికి వదిలే రకమే కావాలని పట్టుబట్టాను. ఇంకో మాట కూడా చెప్పాను. ఇప్పటి బండ్లలో నల్ల తీగ బండి ఇనుప బాడీకి వెళ్తుంది. ఈ పాత బండిలో ఎర్ర తీగ వెళ్తుంది. బాడీకి వెళ్లే తీగను ఆఖరున బిగించాలి. అప్పుడు స్పానరు జారి ఎక్కడ తగిలినా ఏమీ కాదు.

ఆదివారం గోదాములో చూస్తే రఫీ పత్తి మూటలు బండికి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉన్నాయి. బండిని బయటికి తోద్దామంటే చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. పత్తినైనా బయట వేద్దామన్నాను.

"పెండ్లి పరుపుల పత్తి పెద్దాయనా, ఇంత యాడ పెట్టేది? గాలికి సగం ఎగిరిపోతాది" అన్నాడు రఫీ. తడి గోనెలు కప్పుదామంటే, "తడిస్తే ముక్కిపోతాది. నా సంవత్సరం బతుకు ఇదే" అన్నాడు. అతని మాటలోనూ న్యాయముంది. చివరికి పొడి టార్పాలిన్ కప్పాం. కింది వరసకు అది అందలేదు.

వీరేశ్ సీట్ల వెనక వంగాడు. "ఎర్రది ఆఖర్న, వీరేశ్" అన్నాను. "తెలుసు సార్, దోవపొడుగునా ఇదే చెప్పినారు" అన్నాడు. అతనికి తెలుసు. కానీ ఏళ్ల తరబడి ఎర్రది ముందు బిగించిన చెయ్యి అతనిది, మాట్లాడుతూనే ఆ చెయ్యి ఎర్రది బిగించేసింది. నేను నోరు తెరిచేలోపల నల్లదాని మీద స్పానరు తిరిగి బాడీకి తగిలింది. టప్‌మని చప్పుడు. తెల్లటి మెరుపు. కాలిన ఇనుము వాసన. వీరేశ్ స్పానరు వదిలేసి చెయ్యి విదిలించాడు.

"ఈసారి దీపావళి తొందరగా వచ్చినాదే" అన్నాడు రఫీ.

"ఏంగాలేదు సార్, ఏంగాలేదు" అన్నాడు వీరేశ్.

ఖాజా సాబ్ ఎప్పుడూ అనొద్దన్న మాట అది. టార్పాలిన్ ఎత్తి వెతికాను. ఎక్కడా పొగ లేదు. బ్యాటరీ విప్పించి ఆరుబయట పెట్టించాను. ముసలివాణ్ని నొప్పించడం ఎందుకన్నట్టు వాళ్లు చెప్పినట్టు చేశారు. అప్పుడు గోడవారగా ఉన్న మూటల మీద చుట్టిపెట్టిన చాప, దుప్పటి కనపడ్డాయి.

"ఈడ ఎవరు పండుకుంటారు?"

"నేనే. ఇంటినిండా సుట్టాలు. ఈడైతే మెత్తగుంటాది."

"ఈ రాత్రికి ఇంటికి పో రఫీ."

"సుట్టాల గురకలు మీరు వినల్యా, అందుకే పొమ్మంటాండారు."

అప్పుడు ఖాజా సాబ్ వాళ్ల అన్న గురించి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పని సంగతి అది. రఫీ నవ్వు ఆగిపోయింది. చాప చంకన పెట్టుకున్నాడు. "ఏమన్నా అయితాదంటారా తాతా?" అని అడిగింది మాలిని. "రేపు పొద్దున చూద్దాం" అన్నాను. నా నోట ఆ మాట ఖాజా సాబ్ గొంతుతోనే వచ్చినట్టనిపించింది.

మర్నాడు ఉదయం మాలిని, రఫీ, నేను తలుపు తీశాం. పొగ లేదు, వాసనా లేదు. రఫీ ముఖం తేటపడింది. నేను బండి వైపు నుంచి మొదలుపెట్టి మణికట్టు ఆనిస్తూ వెళ్లాను. చల్లగా ఉంది, చల్లగా ఉంది. గోడవార, టార్పాలిన్ అందని కింది వరసలో, రాత్రి రఫీ వీపు ఆనవలసిన చోటికి సరిగ్గా కింద, వెచ్చగా తగిలింది. వయసు మీద పడ్డ నా చర్మాన్ని నేను నమ్మలేకపోయాను.

"అమ్మా, నీ చెయ్యి ఇట్లియ్యి." మాలిని చేతిని వెల్లకిలా తిప్పి ఆనించాను.

ఆమె గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "తాతా, వేడిగుంది."

పై మూటలు దించి, దాన్ని బయటికి ఈడ్చుకువచ్చి రఫీ కుట్లు కోశాడు. తెల్లటి పత్తి, ఇంకా తెల్లటి పత్తి, ఆ కింద గోధుమరంగు, దాని కింద నిమ్మకాయంత నల్లటి గుంట. గాలి తగలగానే దాని అంచు చుట్టూ ఎర్రగా కన్ను తెరిచినట్టయింది. నిన్న తడి గోనె కూడా వద్దన్న రఫీ బిందె నీళ్లు దాని మీద కుమ్మరించి, ఖాళీ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇంక అయిపోయినట్టేనా?" అంది మాలిని.

నా మణికట్టు ఇంకా వెచ్చగానే ఉంది. ఖాజా సాబ్ నుంచి నేను తెచ్చుకున్నది ధైర్యం కాదు. ఈ ఒక్క భయాన్నే తెచ్చుకున్నాను, దాన్ని ఇన్నేళ్లూ పోగొట్టుకోలేదు. "మిగిలినవి చూడాల" అన్నాను.

రఫీ అప్పటికే లోపలికి వెళ్లి పక్క మూట ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచెయ్యి పెట్టబోయి ఆగాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని వెల్లకిలా తిప్పాడు.