దెగ్లూర్ వాళ్లు అడిగిన ఒట్టు

మా మేనత్తకు ఎన్ని భాషలు వచ్చేవని అడిగితే నేను చెప్పను. అడిగేవాళ్లకు కావలసింది ఒక అంకె. ఆ అంకె విని "అబ్బో" అంటారు, వెంటనే "మరి వాటితో ఏం చేసింది?" అంటారు. ఏమీ చేయలేదు. కొలువు చేయలేదు, పుస్తకం రాయలేదు, ఏ దొర పక్కనా దుబాసీగా నిలబడలేదు. ఇష్టమై నేర్చుకుంది. కొందరికి చింతకాయ చూస్తే నోరూరుతుంది, మా అత్తకు తెలియని మాట వింటే నోరూరేది. ఇంతకు మించి కారణం కావాలనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఈ వయసులో కూడా ఉంది.

నాందేడ్‌లో మాది ఇత్తడి గిన్నెల దుకాణం. ఇల్లు దుకాణం వెనకే. అప్పుడు నిజాం రాజ్యం. ఇంట్లో తెలుగు, గిరాకీలతో మరాఠీ, కచేరీలో ఉర్దూ. మా ఊళ్లో అది గొప్ప సంగతి కాదు, పాలు పోసే ఆమె కూడా ఆ మూడింటిలోనూ కొలత దగ్గర జగడం పెట్టుకోగలిగేది. మా అత్త అక్కడితో ఆగలేదు. వెనక సందులో సర్కారు ఖజానాకు కాపలా కాసే అరబ్బుల ఇళ్లు ఉండేవి, వాళ్ల ఆడవాళ్ల దగ్గర అరబ్బీ పట్టింది. గురుద్వారాకు పంజాబు నుంచి వచ్చే ముసలమ్మలు మా దుకాణం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు, వాళ్ల దగ్గర పంజాబీ. రైల్వే గార్డు భార్య దగ్గర ఇంగ్లీషు. పక్కింటి పిల్లలకు చదువు చెప్పే మౌల్వీ గారి గొంతు గోడ దాటి వచ్చేది, ఇటువైపు బియ్యం ఏరుతూ అత్త పారసీ నేర్చుకుంది. ఆయనకు ఆ సంగతి చాలాకాలం తెలియదు.

నేర్చుకోవడంలో ఆమెది ఒక పద్ధతి. చెట్టు, నీళ్లు, ఆవు అని పేర్లతో మొదలుపెట్టేది కాదు. తల్లులు పిల్లల్ని ఎలా తిడతారో ముందు వినేది. కోపంలో మనిషి భాష దాచుకోడని, అక్కడ దొరికినంత పట్టు ఇంకెక్కడా దొరకదని అనేది. విన్నది మా మీద సాధన చేసేది. నేను ఆడి ఆడి ఆలస్యంగా ఇంటికి వస్తే అరబ్బీలో అందుకుని పంజాబీలో దించేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎంత పెద్ద తప్పు చేశానో బాగానే తెలిసేది. నాయనమ్మ మాత్రం ఇది తిట్టో దీవెనో తెలియక, ఎందుకైనా మంచిదని మమ్మల్ని గబగబా లోపలికి లాగేసేది.

ఇంగువ అమ్ముకుంటూ ఒక కాబూలీ వచ్చేవాడు. ఆజానుబాహుడు, మా సందులో పిల్లలు అతన్ని చూస్తే తలుపు చాటుకు పోయేవారు. అతను తనలో తాను గొణుక్కునే మాటలు పట్టుకుని, మార్కెట్లో అతని జతగాళ్లు పోట్లాడుకుంటుంటే విని, అత్త ఎప్పుడు అల్లుకుందో ఏమో, ఒకరోజు ఇంగువ తూచుతున్నవాణ్ణి వాడి భాషలో అడిగింది, మీ అమ్మ బతికే ఉందా అని. తక్కెడ అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత మెట్టు మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు నాయనమ్మ అత్తను చాలా కోప్పడింది, ముక్కూ మొహం తెలియని మగవాణ్ణి ఏడిపించావని. నిజానికి నాయనమ్మ భయం వేరు. "నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది బిడ్డా" అని ఆమె రోజూ ఒకసారైనా అనేది. ఆమె లెక్కలో మంచి నోరంటే మూసి ఉన్న నోరు. అత్త ఆ సామెతను ఉన్నది ఉన్నట్టు నమ్మింది, అందుకే ఊళ్లో ఎవరి నోటినీ వదలలేదు.

అట్లాంటి మనిషిని దెగ్లూర్‌లో ఇచ్చారు. మంచి సంబంధమే, వాళ్లదీ వ్యాపారమే, తెలుగు వాళ్లే. అత్తగారు మాత్రం బీదర్ వైపు మనిషి. కొడుకులతో, పెద్ద కోడలితో కన్నడం మాట్లాడేది. ఇంట్లో పద్ధతి ఏమిటంటే, కొత్త కోడలితో తెలుగు, ఆమె గురించి కన్నడం. కొత్త కోడలు తల వంచుకుని అన్నం తింటుంటే ఆమె పక్కనే ఆమె మీద తీర్పులు జరిగేవి. అత్త కొన్నాళ్లు విన్నది. అక్కడా పిల్లల్ని తిట్టే తోడికోడలు ఉంది కదా, పాఠం దొరికింది. ఒకరోజు వడ్డనలో అత్తగారు పెద్ద కోడలితో, దీనికి పలచటి మజ్జిగ చాలు అని కన్నడంలో అన్నది. మా అత్త విస్తరి మీంచి తల ఎత్తకుండానే "ననగూ గట్టి మజ్జిగి హాక్రి" అన్నది. నాకూ చిక్కటి మజ్జిగే పొయ్యండి అని.

ఆ రోజు ఆ ఇంట్లో అందరూ వెనక్కి లెక్కపెట్టుకుని ఉంటారు, ఇన్నాళ్లూ ఏమేం అన్నామా అని. తేలు కుట్టిన దొంగలు బయటికి అరవలేరు కాబట్టి వాళ్లు వేరే పేరు పెట్టారు. పిల్లకు పొగరు, దయ్యం భాషలు మాట్లాడుతుంది, అరబ్బులతో కాబూలీలతో మాటలట, ఇంటి పరువు ఏమవుతుంది అన్నారు. గూడు బండిలో తెచ్చి మా వాకిట్లో దించి వెళ్లారు. కొన్ని నెలలకు కబురు పంపారు. పిల్లను తీసుకుపోతాం కానీ ఇక నుంచి తెలుగు తప్ప ఇంకో భాష వినను, మాట్లాడను అని పెద్దల ముందు ఒట్టు పెట్టాలి. తెలుగు మీద ప్రేమ కాదు అది, ఎవరికీ అట్లా అనిపించకూడదని చెబుతున్నాను. వాళ్లకు చెవిటి కోడలు కావాలి.

ఒట్టు పెడితే దెగ్లూర్. పెట్టకపోతే జీవితమంతా పుట్టిల్లు, అక్కడ ఆమె భర్తకు ఇంకో పెళ్లి. ఆ పిల్లను కూడా చూసి ఉంచారని మాకు తెలుసు. మూడో దారి లేదు. అత్తకు వెళ్లాలనే ఉంది. ఆ ఇంట్లో భర్త ఒక్కడే ఆమెతో నెమ్మదిగా మాట్లాడేవాడట, సీతాఫలాల కాలంలో అంగడి నుంచి వస్తూ పండు తెచ్చి ఎవరూ చూడకుండా చేతిలో పెట్టేవాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం చూసినదాన్ని నేను. వాళ్లు వస్తారన్న రోజు పొద్దున్నే తలంటుకుని, ట్రంకు పెట్టె సర్ది నడవాలో పెట్టుకుంది.

మా తాత ఆమెను పక్కకు పిలిచి బతిమాలాడు. ఆయన కఠినుడు కాదు, భయస్తుడు. ఒక్క మాట అనేస్తే పీడ పోతుందని, అక్కడికి పోయాక ఎన్ని భాషలైనా మనసులో అనుకోవచ్చని చెప్పాడు. "నోరు దాటకపోతే అది బాష కాదు బాపు, గుబులు" అన్నది అత్త. అయినా సరే, వాళ్లు అడిగే ఒట్టు ఏమిటో వింటానన్నది.

దెగ్లూర్ నుంచి ముగ్గురు వచ్చారు. మా అత్తకు మామగారు, ఆయన అన్న, అత్త భర్త. భర్త గోడవారగా కూర్చుని చాప అంచు పీకుతూ ఉండిపోయాడు. నాయనమ్మ మాహూర్ నుంచి తెచ్చిన బండారి, అంటే రేణుకమ్మ పసుపు, పళ్లెంలో తెచ్చి మధ్యలో పెట్టింది. దాని మీద చెయ్యి పెట్టి తప్పినవాళ్లు మా వైపు లేరు. అత్త వచ్చి కూర్చుంది. నేను ఆమె వెనకే ఉన్నాను. ఏమని పెట్టాలో మీరే చెప్పండి, చెప్పిందే పలుకుతాను అన్నది. మామగారు గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాల్టిసంది దూస్ర జబాన్ బంద్. ఖాళి తెలుగే. కసం తిను."

అత్త వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మామా, అండ్ల మనయి మూడే మాటలున్నయ్" అన్నది.

నేను ఆమె గొంతులో ఎగతాళి వెతికాను, లేదు. చాలా శ్రద్ధగా చెప్పుకుపోయింది. భాషకు బదులు అన్న జబాన్, బంద్ పారసీ వాళ్లవి. ఒట్టుకు బదులు కసం, ఒక్క అనడానికి బదులు ఖాళీ అరబ్బుల ఇళ్ల నుంచి వచ్చాయి. దూస్ర హిందీ. బండారి మీద చెయ్యి పెట్టి పరాయి మాట పలకనని పరాయి మాటల్లో చెబితే, చెబుతుండగానే ఒట్టు తప్పినట్టు కదా, అమ్మవారు ఊరుకుంటుందా అని అడిగింది. మా నాయనమ్మ వెంటనే పళ్లేన్ని కొంచెం తన వైపు జరుపుకుంది.

మామగారి అన్నకు నాలుగు శ్లోకాలు వచ్చు. ఆయన అందుకుని, ప్రతిజ్ఞ చెయ్యి, పరభాష మాట్లాడనని ప్రమాణం చెయ్యి అన్నాడు. అవి సంస్కృతం, అయ్యగార్ల మాటలు అన్నది అత్త. ఒట్టు అనే మాట మాత్రం మనదే, దాన్ని వాడుకోండి అని సాయం కూడా చేసింది. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకో విధంగా మొదలుపెట్టారు. హమేషా అన్నారు, ఆగారు. ఫక్త అన్నారు, అది మరాఠీ అని వాళ్లకే తోచి ఆగారు. ఖాందాన్ ఇజ్జత్ అన్నారు. ఆ రెండు మాటలూ వినగానే మా తాతే తల అడ్డంగా ఊపాడు, ఊపానని ఆయనకు తెలియదనుకుంటాను. ఇన్నేళ్లూ తెలుగు అనుకుని మాట్లాడుతున్నదంతా ఎవరెవరి ఇళ్ల నుంచో వచ్చి మా నోళ్లలో కాపురం పెట్టిందని ఆ నడవాలో కూర్చున్న పెద్దలకు ఆ పూటే తెలిసింది. వాళ్ల అవస్థ చూసి నాకు నవ్వు ఆగలేదు, అత్త వీపుకు మొహం ఆనించి నవ్వాను. ఆమె వీపు వణుకుతోంది. నవ్వుతోందనే అనుకున్నాను. కాదు.

చివరికి మామగారికి కోపం తలకెక్కింది. వేలు చూపించి, ఏ తడబాటూ లేకుండా అన్నాడు.

"నోరు మూస్కో."

అత్త ఆ రెండు మాటల్నీ నెమ్మదిగా తనలో తాను అనుకుని చూసింది, కొత్త భాష విన్నప్పుడల్లా చేసినట్టే.

"గిది అచ్చ తెలుగు మామా. పరాయిది ఒక్కటి లేదు. గని నాకు అన్ని బాషలు అచ్చినయ్, గీ ఒక్కటి రాలే. ఇగ రాదు."

మామగారు తాత వైపు చూశాడు, కూతురి చెంప పగలగొడతాడని. మా భయస్తుడైన తాత లేచాడు. పళ్లెం తీసుకుని వెళ్లి దేవుడి గూట్లో పెట్టి, తిరిగి వచ్చి నిలబడ్డాడు, కూర్చోలేదు. మా వైపు ఇంటిపెద్ద నిలబడితే వచ్చినవాళ్లు లేవాలి. వాళ్లు లేచారు.

ఆ రోజు తప్పు చేసిందని మా చుట్టాల్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నాలుక కోసం సంసారం పోగొట్టుకుందట. నాలుక తీసి ఇస్తే ఇచ్చే సంసారం ఎట్లాంటిదో వాళ్లు చెప్పరు. ఒట్టు పెట్టి వెళ్లిన మా ఇంటి ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, దానికి ఒట్టని ఎవరూ పేరు పెట్టలేదు అంతే. వాళ్లు సుఖపడ్డారని నేనైతే చూడలేదు.

అన్నదమ్ములిద్దరూ బండి ఎక్కారు. అత్త భర్త చెప్పులు వెతుక్కుంటూ వెనకబడ్డాడు. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. అత్త గడప దగ్గర నిలబడింది, నేను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆయన తల ఎత్తి, పెదవులు కదిలీ కదలకుండా "బా" అన్నాడు. కన్నడంలో, రా అని. తల్లితో, అన్నతో మాట్లాడే ఆ భాషలో ఆయన పెళ్లాంతో ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగడు. అత్త చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. ఆమె కళ్లనిండా నీళ్లు.

"గట్టిగ అను" అన్నది.

ఆయన బండి వైపు చూశాడు. వాళ్ల నాన్న ఇటే చూస్తున్నాడు. ఆయన తల వంచుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. గట్టిగా అని ఉంటే ఒట్టూ గిట్టూ లేకుండానే పోయేదాన్నని అత్త చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది. ఆ మాట అన్నప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు.