మలుపు దగ్గర బూర

బుల్లోడా! ఇలా పిలిస్తే "పెళ్లయినోడిని, బుల్లోడేటే" అని కసిరేవాడివి. కసరడానికైనా ఇప్పుడు నువ్వు లేవు.

చదివే అమ్మలకీ అయ్యలకీ చెబుతున్నాను. మా పెద్దకొడుకు పోయాడు. వానలు వెనకబట్టే రోజుల్లో, పసుపు బస్తాలతో అరకు నుంచి శృంగవరపుకోటకు దిగుతూ, మా ఇంటికి దిగువనున్న మలుపులో లారీతో సహా లోయలో పడిపోయాడు. ఆ కబురు తెచ్చినవాడు పక్క గూడెంలో ఉండే కొండదొర తెగ ముసలాయన. వాకిట్లో నిలబడ్డాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆయన తలపాగా లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఆయన నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది.

నాకు పెద్దగా చదువు లేదు. మా అన్న పలక చూసి నేర్చుకున్న అక్షరాలివి. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. వాడి గురించి నాలుగు మాటలు రాస్తే నా భయం కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను. భయమనే అంటున్నాను. ఏడుపు ఒక పూట వస్తుంది, ఒక పూట రాదు. భయం మాత్రం పొయ్యి వెలిగించేటప్పుడూ ఉంటోంది, ఆర్పేటప్పుడూ ఉంటోంది. పెద్దవాడు ఎక్కిన పనికే ఇప్పుడు మా చిన్నవాడు ఎక్కాడు.

మా ఇల్లు ఘాటీ రోడ్డు పక్కనే, అనంతగిరికి కాస్త దిగువన. మా ఆయన ఉన్నప్పుడే కింద పల్లం నుంచి వచ్చి ఇక్కడ చోళ్లూ సామలూ పండించుకుంటున్నాం. పెద్దవాడు మొదట ఎడ్లబండి తోలేవాడు. తర్వాత కోటలో, అదే శృంగవరపుకోటలో, ఒక షావుకారు లారీ కొన్నాడు. పైకి ఉప్పు, కిరసనాయిలు. కిందికి పసుపు, చింతపండు. తోలేవాడికి నెలజీతం లేదు, మైలుకి ఇంతని కూలి. వాడు ఆ మాట మోసుకొచ్చిన పూట ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, రోడ్డు పక్కన రాళ్లు పాతినారు సూసినావా? ఒక రాయి దాటితే కూలి. మల్లీ రాయి దాటితే మల్లీ కూలి. ఎడ్లకి గడ్డి కొయ్యక్కర్నేదు, కూకుని సంపాదించడమే!"

"కూకుంటే ఏటొత్తాదిరా? తిరిగితే కదా ఒత్తాది," అన్నాను.

నవ్వేశాడు. ఆ నవ్వు తర్వాత తర్వాత తగ్గిపోయింది. కింద పల్లంలో మైలుకీ ఈ కొండ మీద మైలుకీ ఒకటే కూలి. అక్కడ ఆకూ వక్కా నమిలేలోగా రాయి దాటిపోతుందట. ఇక్కడ ఎక్కుడులో ఇంజను కాగిపోయి ఆవిర్లు కక్కుతుంది. ఆపాలి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి, గెడ్డలోకి దిగి నీళ్లు మోసుకురావాలి. ఆ సేపటికి కూలి లేదు. సంతలో బస్తాలు ఎత్తేదాకా ఎండలో కాపలా కాయాలి. దానికీ లేదు. దారికి అడ్డంగా చెట్టు పడితే నరికి తోసేది వీడే. దానికీ లేదు. చక్రం తిరిగినంతసేపే వాడు మనిషి. ఆగితే షావుకారు కంటికి కనపడడు.

అందుకే తిండి దగ్గర ఆగేవాడు కాదు. నాకూ వాడికీ ఒక ఏర్పాటుండేది. ఇంటికి ఎగువ మలుపు తిరిగేటప్పుడు రబ్బరు బూర నొక్కేవాడు. ఒక్కసారి నొక్కితే ఆగుతున్నాను, అన్నం పెట్టమని. రెండుసార్లు నొక్కితే ఆగడం లేదు, ఎదురు చూడొద్దని. మొదట్లో ఒక్క బూరే ఎక్కువగా వినిపించేది. పోనుపోను రెండోది కూడా వినిపించసాగింది. మొదటి బూరకీ రెండో బూరకీ మధ్య ఎంతసేపని, కన్ను మూసి తెరిచినంత. ఆ కాస్తలోనే నేను ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. రెండోది వినగానే చేతిలో గరిటె మళ్లీ కుండలో పెట్టేసేదాన్ని.

ఆగిన రోజు కూడా నిలబడే తినేవాడు. ఇంజను ఆపేవాడు కాదు. కోడలు ఊరుకునేది కాదు. "నీకు పెళ్లాం నేనా, ఆ బండా? దాని కేసే సూత్తావు."

"దానికి రెండు కళ్లే. నీకు నోరు కూడా ఉందికదే," అనేవాడు ముద్ద నములుతూ.

"ఉంది కాబట్టే అడుగుతన్నాను. కూకుని తింటే బండేటి పారిపోద్దా?"

"బండి పారిపోదు. మైలు పారిపోద్ది."

వాడికి బండి దగ్గర కొన్ని అలవాట్లుండేవి. ఎక్కేముందు ముందు చక్రం మీద అరచెయ్యి వేసి, ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. రబ్బరు కాలిన వాసన వస్తే ఎవరు తిట్టినా కదిలేవాడు కాదు. ఘాటీ మొదట్లో అమ్మవారి రాయి దగ్గర పచ్చి రెమ్మ ఒకటి పెట్టేవాడు. దిగుడులో మొదటి గేరు వేసి, ఇంజను మూలుగుతూ ఉండగా నెమ్మదిగా దింపేవాడు. ఆ మూలుగు వింటే నాకు తలనొప్పి. "ఏటిరా ఆ రొద, ఈనే గేదెలాగ," అంటే, "ఘాటీలో బండిని తొయ్యకూడదమ్మా, బతిమాలాలి. ఆ రొదే బతిమాలడం," అనేవాడు.

అలాంటివాడు ఇంజను ఆపి ఘాటీ దిగాడంటే నమ్మలేకపోయాను. కానీ నా చెవులతో నేనే విన్నాను.

ఈ ఏడు వానాకాలంలో షావుకారు కొత్త పద్ధతి పెట్టాడు. పెట్రోలు కొలిచి పోస్తాడు. మించి ఖర్చయితే ఆ మేరకు మైలు కూలిలో కోత. దాంతో ఘాటీలో లారీలు తోలేవాళ్లంతా దిగుడులో ఇంజను ఆపేయడం మొదలుపెట్టారు. బండి తన బరువుకి తనే దొర్లిపోతుంది, చుక్క ఖర్చవదు. పట్టి ఆపేది బ్రేకు ఒక్కటే. అది వేడెక్కిపోతే ఇక దేవుడే దిక్కు. మా వాడు చాన్నాళ్లు ఒప్పుకోలేదు. కోత పడుతూనే వచ్చింది. ఇంతలో మనవరాలికి చలిజ్వరం పట్టుకుంది. కోటలో మందు కొనాలి. వాడు పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, చక్రం దగ్గర చూసుకున్నట్టే ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వెళ్లాడు.

వాడు దిగివచ్చే రోజు మంచు కమ్మి ఎదురిల్లు కూడా కనపడడం లేదు. సన్నగా జల్లు. నేను అరుగు మీద చోళ్లు చెరుగుతున్నాను. మలుపులో బూర మోగింది. ఊపిరి బిగబట్టాను. రెండోది కూడా మోగింది. మంచులో ఏదో గాలి తోసుకుపోయినట్టు వాకిటి ముందు నుంచి పోయింది. రొద లేదు. మూలుగు లేదు. తడి రోడ్డు మీద చక్రాల జరజర మాత్రం వినిపించింది.

"ఈవేళ బండి ఎంత మెత్తగా పోతంది సూడే," అన్నాను కోడలితో.

అది పిల్లని ఎత్తుకుని బయటికొచ్చింది. "అత్తా, ఇంజను రొద ఏదీ?" అంది.

నేను చేట కింద పెట్టాను. ఇద్దరం దిగువ మలుపు కేసి చూస్తూ నిలబడ్డాం. మంచు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చినవాడే కొండదొర ముసలాయన. "బండి మాటాడకండా దిగిపోనాది తల్లీ," అన్నాడు. దిగువ మలుపు అవతల లోయ కేసి చెయ్యి చూపించాడు. పొయ్యి మీద సామన్నమూ ఎండుచేపల పులుసూ అలాగే ఉన్నాయి.

దినాలయ్యాక షావుకారు వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. "అమ్మా, జరిగింది జరిగిపోయింది. వేరే లారీ తెచ్చాను. మీ చిన్నవాడికి అన్న పని నేర్పాడు కదా. అదే కూలి ఇస్తాను, పంపు," అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. చిన్నవాడు తల వంచుకుని కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు. వాడు కాదనలేడని అప్పుడే తెలిసిపోయింది.

ఆయన వెళ్లాక వాడి మీద పడ్డాను. "అన్నని తినీసిన బండి ఎక్కుతావేట్రా?"

"బండి తినీనేదమ్మా."

"మరేటి తినీసింది?"

"మైలు," అన్నాడు.

వాడు గాదె తలుపు తీశాడు. లోపలికి చూపిస్తూ అన్నాడు, "పుష్యం దాటితే గాదె కాళీ. వొదిన, అన్న గుంట, నువ్వు. ఏటి తింటారు? ఎడ్లు కూడా అమ్మీసినాం."

అది నిజమే. అందుకే పెద్దవాడిది పనికిరాని కూలి అని నేను అనలేను. ఇంటి మీద కొత్త గడ్డి ఆ మైళ్లే. గింజలు నిండుకున్న నెలల్లో మేము తిన్నది ఆ మైళ్లే. మనవరాలికి జ్వరం తగ్గించిన మందు కూడా అంతకుముందు తిరిగిన మైళ్లే. మనిషి నడుము విరిచి తెచ్చినదాన్ని ఉత్తదని ఎలా అంటాను? కానీ ఆగితే పోయే కూలి మనిషిని ఆగనివ్వదు. తిననివ్వదు. భయపడాల్సిన చోట భయపడనివ్వదు. నా కొడుక్కి భయముండేది. ఆ భయమే చక్రం మీద చెయ్యి వేయించేది. ఆ కోత వాడి భయాన్ని తీసేసింది. ఇప్పుడా భయం నా దగ్గరకొచ్చి కూర్చుంది.

చిన్నవాడు షావుకారు దగ్గరకి వెళ్లి ఏం మాట్లాడాడో కోటలో చూసినవాళ్లు చెప్పారు. "దిగుడులో ఇంజను ఆపను బావూ. పెట్రోలు కోత ఉంటే బండి హేండిలు నువ్వే తిప్పుకో. మా యమ్మ ఇంటికాడ ఆగుతాను, కూకుని తింటాను," అన్నాడట.

"లారీ తోలడానికా, అత్తారింటికి చుట్టం చూపుకా?" అని షావుకారు నవ్వాడట. కానీ ఆ మలుపు పేరు చెబితే ఇంకెవరూ బండెక్కడం లేదు. కోత తీసేశాడు. మైలు కూలి మాత్రం ఒక్క కానీ కూడా పెంచలేదు.

నిన్న పైకెళ్లాడు చిన్నవాడు. ఎక్కేముందు చక్రం మీద చెయ్యి వేసి వాసన చూశాడు. అది చూసి కోడలు లోపలికి వెళ్లిపోయింది. ఈరోజు దిగాలి. పొద్దున్న నుంచి అరుగు మీదే కూర్చుని ఈ మాటలు రాస్తున్నాను. మంచు పైనుంచి జారుతోంది. ఎదురిల్లు పోయింది, రోడ్డు పోయింది. షావుకారికిచ్చిన మాట ఘాటీ పైన గుర్తుంటుందా? వీడికీ మైలు పారిపోతున్నట్టు అనిపిస్తుందా? రాసిన మాటే మళ్లీ రాస్తున్నాను.

పైన ఏదో వినిపిస్తోంది. గేదె మూలుగులాగ. నాకు తలనొప్పి తెప్పించే ఆ రొదే. నెమ్మదిగా, బతిమాలుతూ దిగుతోంది. కోడలు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

బూర మోగింది.

ఊపిరి బిగబట్టాను. కలం ఎత్తి పట్టుకున్నాను. రెండోది వస్తుందని చూశాను. ఇంకా చూశాను. రాలేదు. మూలుగు దగ్గరకొచ్చి, వాకిట్లో ఆగి, ఇంజను కూడా ఆగిపోయింది.

"అమ్మా, పీటెయ్యి," అంటున్నాడు.

అన్నం పెట్టడానికి లేస్తున్నాను. ఇది చదివిన మీరు కూడా, ఎంత పనున్నా సరే, వేళకి కూర్చుని కడుపునిండా తినండి.