సీసా ముందు మాట్లాడకూడదు

మా ఆడపడుచును ఇంట్లో అందరూ డాక్టరమ్మ అంటారు. నిజానికి ఆమె ఎవరి చెయ్యీ పట్టి చూసింది లేదు. తలనొప్పి వస్తే మాత్ర ఎక్కడుందని నన్నే అడుగుతుంది. ఆమె పని రక్తం జబ్బుల మీద, రక్తం క్యాన్సర్ మీద పరిశోధన. రోగుల రక్తంలోంచి చెడ్డ కణాలను వేరు చేసి, సీసాల్లో బతికించి, అవి ఏ మందుకు చస్తాయో చూస్తుంది. "చంపడానికే పెంచుతావన్నమాట" అని మా ఆయన ఎగతాళి చేసేవారు.

ఆ జబ్బు చివరికి ఆయనకే వచ్చింది. అందులోనూ అరుదైన రకం. కణాల కోసం చెల్లెలు ఆస్పత్రికి వచ్చిన రోజున కూడా ఆయన ఊరుకోలేదు.

"చిన్నప్పట్నుంచీ నా రక్తం తాగుతూనే ఉన్నావు కదే. ఇప్పుడు సీసా కూడా తెచ్చుకున్నావా?"

"వాగింది చాల్లే. చెయ్యి చాపు అన్నయ్యా."

ఆయన పోయారు. కణాలు బతికాయి.

వాటికి మనిషి ఒంట్లో ఉండేంత వెచ్చదనం కావాలి. గులాబీ రంగు నీళ్లే వాటి తిండి. రోజు విడిచి రోజు మార్చాలి. ఆదివారం కూడా చెప్పులేసుకుంటుంటే "ఇవాళైనా ఇంటిపట్టున ఉండకూడదా" అనేదాన్ని. "వాటికి ఆకలేస్తుంది వదినా" అనేది. నాకు ఒళ్లు మండేది. నా మొగుణ్ణి తిన్నవాటికి ఈ పిల్ల గోరుముద్దలు పెడుతోంది! కానీ ఆయన ఒంటిది ఇంకా బతికి ఉన్నది అదొక్కటే కదా అనిపించి, నోరు మెదపలేకపోయేదాన్ని.

"కొత్త మందొకటి ఉంది వదినా. దానికి ఇవి చచ్చాయంటే దారి దొరికినట్టే. ఈ రకం కణాలు మా దగ్గర ఇంతవరకూ సీసాలో నిలవలేదు. ఇవే మొదలు" అంది ఒకసారి. ఆ ఆశ మీదే తింటోంది, పడుకుంటోంది.

ఒక సాయంత్రం వచ్చి, భుజాన సంచి తియ్యకుండానే వంటింట్లో నేల మీద కూలబడింది.

"పాడైపోయాయి వదినా."

మనిషి నోట్లో ఉండే ఒక సూక్ష్మజీవి సీసాల్లో చేరిందట. మనల్ని ఏమీ చెయ్యదు. వాళ్ల మైక్రోస్కోపుకు కూడా అందదు. పరీక్షలో గాని బయటపడలేదు. అది చేరాక ఆ కణాల మీద ఏ మందు ఫలితాన్నీ నమ్మడానికి లేదు. గడ్డకట్టించి దాచినవాటిలోనూ ఉందట.

"ఎవరి నోట్లోంచి వచ్చింది?" అన్నాను.

"నా నోట్లోంచే. సీసా మూత తీశాక మాట్లాడకూడదు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే నేను నేర్పే పాఠం అది."

"మరి నువ్వెవరితో మాట్లాడావు?"

ముఖం పక్కకు తిప్పుకుంది. "అన్నయ్యతో."

గదిలో ఎవరూ లేనప్పుడు మాస్కు కిందికి లాక్కుని ఇంటి సంగతులన్నీ చెప్పేదట. వదిన సరిగా తినడం లేదని నా మీద చాడీలు కూడా.

ఆ సీసాలను విడిగా, కణాలను వెచ్చగా ఉంచే పాత పెట్టె ఒకదానిలో పెట్టి, ఆ సూక్ష్మజీవి చచ్చే మందులు పోసి చూసింది. వారాలు గడిచాయి. పరీక్ష చేసిన ప్రతిసారీ అది ఉంటూనే ఉంది. వాళ్ల ల్యాబు పెద్దావిడ మంచిదే. అయినా చివరికి చెప్పేసింది. "పక్క గదిలో ఎంతమంది రోగుల కణాలున్నాయో నీకు తెలుసమ్మా. వాటికి అంటుకుంటే అన్నీ పోతాయి. ఇక పారబొయ్యి." మా ఆడపడుచు ఇంకొక్కసారి చూస్తానని కాళ్లావేళ్లా పడింది. ఆ ఒక్కసారీ అయింది. ఫలితం మారలేదు.

పారబోసే రోజు నన్ను రమ్మంది. పెద్దావిడ ఒప్పుకుని, నాకూ తెల్లకోటు తొడిగించింది. అరచెయ్యంత సీసాలు, అడుగున కాసిని గులాబీ నీళ్లు. ఆయన్ని తిన్నది ఇంతేనా అనుకున్నాను. ఆడపడుచు వాటిని చంపే బ్లీచ్ డబ్బా పట్టుకుని కొయ్యబారిపోయింది.

"నువ్వే పొయ్యి వదినా. నా వల్ల కాదు."

"అవి మీ అన్నయ్య కాదే. మీ అన్నయ్యని చంపినవి."

"తెలుసు. అవే మిగిలాయి."

ఆమె మోచెయ్యి కింద నా చెయ్యి పెట్టాను. పోసింది. గులాబీ రంగు చూస్తుండగానే విరిగిపోయి ఉత్త నీళ్లలా తేలింది. అన్ని సీసాలూ అంతే.

కొత్త మందు మూత తియ్యకుండా అలాగే ఉంది. ఆమె రోజూ పనికి పోతూనే ఉంది. తినేటప్పుడు కంచం పక్కనే ఫోను పెట్టుకుంటుంది. ఎవరి కోసమే అని నిన్న అడిగాను.

"ఆస్పత్రి వాళ్లు చేస్తారని. ఆ రకం జబ్బుతో ఇంకెవరైనా వస్తే చెప్పమన్నాను." ముద్ద చేతిలోనే ఉంచుకుని నావైపు చూసింది. "ఎవరికో ఒకరికి రావాలని కాచుక్కూచున్నాను వదినా. వాళ్లింట్లోనూ నీలాంటిది ఒకతి ఉంటుంది కదా."

ఆ ఫోను ఇంకా మోగలేదు. మోగాలని అనడానికి నాకు నోరు రావడం లేదు.