మూడో సంపుటంలో బతికిన అమ్మాయి

చచ్చిపోయిందని నేను ఇన్నేళ్ళుగా నమ్మిన అమ్మాయి బతికే ఉందని నాకు పుంగనూరు బస్టాండులో తెలిసింది. చేతిలో ఫోను, ఒళ్ళో సర్టిఫికెట్ల సంచి, కుప్పం బస్సు ఇంకా రాలేదు. నా మొహం చూసి పక్కనున్న పెద్దావిడ, ఏమ్మా, ఇంట్లో ఎవరికన్నా బాగలేదా అని అడిగింది. ఏమని చెప్పను? ఎప్పటిదో ఇంగ్లీషు నవల్లో ఒక అమ్మాయి చావలేదంట అని చెబితే, నాకే బాగలేదనుకుని కాస్త జరిగి కూర్చోదూ? ఏం లేదమ్మా అన్నాను.

ఆ అమ్మాయిని చంపింది మా సారు. నేను మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు ఇంగ్లీషు రొమాంటిక్ యుగం ఆయనే చెప్పేవాడు. మా క్లాసులో అందరం ఆవులూ గొర్రెలూ మేపుకునే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. ఇంగ్లీషు నవలను పూర్తిగా చదివిన మొహాలు కావు మావి. సారు రాసిన గైడు ఉండేది. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇంగ్లీషు చదివేవాళ్ళందరికీ అదే వేదం. ఆ గైడు ప్రకారం, మాకు పాఠంగా పెట్టిన ఆ నవల్లో నాయిక చలిలో వానకు తడిసి, జ్వరం తగిలి, ప్రేమించినవాడు వచ్చేలోపే కన్నుమూస్తుంది.

కవిత్వ పరిభాషను కూడా సారు ఆ చావు చుట్టూనే తిప్పి చెప్పేవాడు. ఆమె బతుకుదీపం ఆరిందంటే మెటాఫర్, ఆమె దీపంలాగా ఆరిపోయిందంటే సిమిలీ, కిటికీ బయట గాలి ఏడ్చిందంటే పర్సానిఫికేషన్. చివరికి ఎలిజీ దగ్గరికి వచ్చేవాడు. అది పోయినవాళ్ళను తలచుకుని ఏడ్చే పద్యమనీ, సొంతంగా రాస్తే తప్ప ఒంటపట్టదనీ ఆయన పట్టుదల. అందుకని ప్రతి బ్యాచీ ఆ అమ్మాయి మీద ఎలిజీలు రాయాల్సిందే. రాసే ముందు లేచి నిలబడి మౌనం పాటించాలి. మేము అలా నిలబడినప్పుడు పక్క గదిలో కామర్సు పిల్లలు ఎవరో పెద్ద నాయకుడు పోయాడనుకుని, సెలవిచ్చేస్తారని సంచులు సర్దుకుని ఇళ్ళకు పోయారు. ఇప్పుడు తలచుకుంటే కడుపుబ్బా నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. నేను రాసిన ఎలిజీని సారు నోటీసు బోర్డుకు అంటించాడు. ఎమ్మే ఇంగ్లీషే చదవాలని ఆ బోర్డు ముందే అనుకున్నాను.

ఎమ్మే అయింది. ఆ తర్వాత ప్రైవేటు బళ్ళలో గొడ్డుచాకిరీ. అట్లాంటి సమయంలో కుప్పంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ పోస్టు పడింది. వయసు హద్దుకు దగ్గరపడ్డాను, ఇది తప్పిపోతే మళ్ళీ దరఖాస్తు పెట్టే యోగ్యత కూడా ఉండదు. ఇంటర్వ్యూలో ఒక పాఠం చెప్పి చూపించాలి. ముందురోజు మెసేజ్ వచ్చింది, ఆ నవల ముగింపే పాఠం. ఎగిరి గంతేశాను. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పే పాఠం అది.

పుంగనూరులో బస్సు కోసం కాచుకుంటూ, ఊరికే ఉండడమెందుకు, అసలు పుస్తకం ఎట్లా ఉంటుందో చూద్దామని ఫోనులో దించుకున్నాను. అక్కడే నా కొంప మునిగింది. రెండో సంపుటం చివర జ్వరం, వాన, ఆరిన దీపం, అన్నీ గైడులో చెప్పినట్టే ఉన్నాయి. ఇంకొంచెం జరిపితే మూడో సంపుటం అని వచ్చింది. దాని మొదటి పేజీలో మా పోయిన మనిషి దిండుకు ఆనుకుని కూర్చుని గంజి అడుగుతోంది.

ఓరి దేవుడా అనుకున్నాను. ఆ కాలం నవలలు మూడేసి సంపుటాలుగా అచ్చయ్యేవని గైడులోనే ఉంది, అది ఒక మార్కు ప్రశ్న. మా కాలేజీ లైబ్రరీలో ఉన్నదేమో రెండు సంపుటాలు కలిపి కుట్టిన పాత పుస్తకం. సారు చదివింది దాన్నే. దీపం ఆరింది, పేజీలు అయిపోయాయి, అమ్మాయి పని కూడా అయిపోయిందని ఆయన అనుకున్నాడు. మేమంతా తలలూపి, నిలబడి మౌనం పాటించాం. ఇంతమందిలో ఒక్కరికి కూడా మూడోది ఏదని అడగాలని తోచలేదు, చూడండి. నాకు తోచిందా? లేదు.

నాలుగు పేజీలు చదివానో లేదో బస్సు వచ్చేసింది. కాలు పెట్టే చోటు లేదు. కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ రోజుకు ఆమె చచ్చిపోయిందనే చెప్తాను. ముందు ఉద్యోగం రానీ, ఆమెను తర్వాత బతికించుకోవచ్చు.

కుప్పం కాలేజీలో ఆ గదిలోకి అడుగు పెట్టగానే ఇంకో పిడుగు. ప్రిన్సిపాలు, ఇంకో మేడమ్, వాళ్ళ పక్కన సబ్జెక్టు తెలిసిన మనిషిగా పిలిపించినవాడు ఎవరనుకున్నారు? మా సారే. జుట్టంతా నెరిసింది గానీ చూపు అదే. నన్ను గుర్తుపట్టి చిన్నగా నవ్వాడు. గైడు ముగింపే చెప్పాలని ఇంకా గట్టిగా అనుకున్నాను.

బెంచీల్లో నిజం విద్యార్థులనే కూర్చోబెట్టారు. పాఠం మొదలుపెట్టాను, బాగానే నడిచింది. వాన దగ్గరికి వచ్చాను. జ్వరం దగ్గరికి వచ్చాను. అప్పుడు సారు వైపు చూడకుండా ఉండాల్సింది. ఆయన అద్దాలు తీసి జేబురుమాలు చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా ఆమె చావలేదు, ఆయన ముందుగానే ఏడవడానికి సిద్ధమవుతున్నాడు. ఇన్నేళ్ళుగా ప్రతి ఏడూ ఈయన ఇట్లాగే ఏడ్చాడు కదా అనిపించింది. నోరు దాని ఇష్టమొచ్చినట్టు తిరిగింది. ఆమె చావలేదు, మూడో సంపుటంలో కోలుకుంటుంది అనేశాను.

ప్రిన్సిపాలు సారు వైపు చూశాడు.

"ఏమంటివమ్మా?" అన్నాడు సారు.

బల్ల మీదున్న ఫోను తీసి ఆ పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను. అద్దాలు పెట్టుకుని నిలబడే చదివాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఫోను నాకు ఇచ్చేసి, వెళ్ళి ముందు బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నాడు.

"బతికుండే బిడ్డకు ఇన్నేండ్లు ఏడిస్తిమే," అన్నాడు. నా వైపు తిరిగి, "ఊఁ, చెప్పమ్మా. ఆ తర్వాత ఏమాయె?"

నాకు ఎక్కడ తెలుసు? బస్సు వచ్చేసింది సార్, అంతవరకే చదివాను అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. సారు కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే. ప్రిన్సిపాలు మాత్రం నవ్వలేదు, టైం అయిపోయిందన్నాడు.

బయటికి వస్తుంటే సారు తన మార్కుల కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వడం చూశాను. గుమ్మం దగ్గర నా తల మీద చెయ్యి పెట్టాడు. నిజం చెప్పి కూడా గెలిచానని పొంగిపోయాను. తిరుగు బస్సులో మూడో సంపుటం చదువుతూ, మధ్యమధ్యలో ఏ రోజు చేరమంటారో అని లెక్కలేసుకుంటూ ఇల్లు చేరాను.

పోస్టు వేరే అమ్మాయికి ఇచ్చారు. ఆమె గైడులో ఉన్నట్టే నాయికను చంపిందట, చాలా బాగా చంపిందట. అంతవరకు సరే, నా ఖర్మ అనుకునేదాన్నే. కానీ ఆ ఆఫీసులో పనిచేసే మా ఊరామె ఫోనులో చెప్పింది విని మంచం మీద కూలబడ్డాను. మిగతా ఇద్దరూ నాకే ఎక్కువ వేశారు. సారు ఏమీ వేయలేదు, గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాడు. ఖాళీ అంటే సున్నాగా కూడాలని అక్కడి నియమం. ఆ సున్నాతోనే నేను పోయాను.

కోపం నషాళానికి అంటింది. నిజం చెప్పినందుకు నా నోట్లో మన్ను కొట్టాడు కదా, తల మీద చెయ్యి ఎందుకు పెట్టినట్టు? ఆయనకు ఫోను చేసి కడిగిపారేయాలని మాటలన్నీ పోగేసుకున్నాను. నేను చేసేలోపే ఆయనే చేశాడు. గొంతులో ఎంత ఉత్సాహమో. మూడో సంపుటం పూర్తి చేశాడంట, పాత శిష్యులందరికీ ఫోన్లు చేసి ఆమె బతికే ఉందని చెప్తున్నాడంట.

"నువ్వు ఎప్పుడు చేరతాండావమ్మా కాలేజీలో?" అని అడిగాడు.

పోగేసుకున్న మాటలు ఒక్కటీ నోట్లోంచి రాలేదు. నాకు మార్కులు ఎందుకు వేయలేదు సార్ అని మాత్రం అడిగాను.

"యాల ఏస్తానమ్మా? నా తప్పును దిద్దినదానివి నువ్వు. నీకు మార్కులేసేదానికి నాకేం అర్హత ఉండాది? మర్యాదకని ఖాళీగా పెట్టినా," అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో.

ఖాళీని సున్నా కింద కట్టారు సార్, పోస్టు పోయింది అన్నాను. లైను తెగిందేమోనని చూశాను, తెగలేదు. ఏం ఫర్వాలేదు సార్ అనాలి, మర్యాద అదే. నాకు నోరు రాలేదు. చాలాసేపటికి ఆయన గొంతు వినిపించింది, క్లాసులో నేనెప్పుడూ విననంత చిన్నగా.

"ఏసుండాల్సిందా అమ్మా?"

ఔను సార్, అన్నాను.