ముందు చక్రాలు తిరగని తిరుపతమ్మ బండి

బోధన్ దాటి మంజీర దిక్కు పోతే వచ్చే మా ఊళ్ళె మొదటి ట్రాక్టరు నడిపింది నేను. మొదటి బోరు వేయించింది నేను. మా ఊరి బళ్ళోనే ఏడో తరగతి చదివి, పై చదువుకు పోకుండనే రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచింది కూడ నేనే. ఇవన్నీ ఎందుకు చెప్తున్ననంటే, మా ఊళ్ళె స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి తిరుపతమ్మ గురించి రాయాలంటే, ఆమెకు స్టీరింగు పట్టించింది ఎవరో ముందు తెలవాలె.

తిరుపతమ్మకు నలభై దాటినై. ఒకప్పుడు పదిమందితో ఆటోల ఇరుక్కొని నిజామాబాద్ యార్డుకు పోయి, పసుపు కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి గడ్డలు గుండలు ఒక దిక్కు ఏరే కూలి చేసేది. పొద్దందాక కిందనే కూసునుడు. నా ట్రాక్టరు మీద డ్రైవింగు నేర్పిన. ఆమె పెనిమిటి భీమన్నకు కూడ నేర్పిన. భీమన్న నా గడ్డివామును గుద్దినంక మేమిద్దరం మాట్లాడుకొని ఆ పని ఆపేసినం. అప్పటి నుంచి ఆమె నడుపుతది, అతను మూటలెత్తుతడు. సంసారం సాఫీగ నడుస్తున్నది.

వాళ్ళు కొన్నది పాత పికప్పు. మామూలు పికప్పుకు ఇంజను బలం ఎనుక చక్రాలకే పోతది. ఈ బండికి స్టీరింగు పక్కన ఒక గుండీ ఉంటది. అది తిప్పితే ముందు చక్రాలు కూడ తిరుగుతై. వాన పడ్డ నల్లరేగడిల వేరే బండ్లు దిగబడ్డ చోట తిరుపతమ్మ గుండీ తిప్పి చెరుకు విత్తనం, పసుపు మూటలు బయటికి తెచ్చేది. అందుకే అందరు ఆమెనే పిలిచేటోళ్ళు. ఆ గుండీ పనిచేసినన్ని రోజులు ఆమెకు ఎవరితోని మాట పడే అవసరం రాలే.

పోయిన ఏడు పసుపు ఉడికించి ఎండబోసే రోజులల్ల అకాల వాన పడ్డది. నా మూటలు మంజీర ఒడ్డు కల్లంల తాడిపత్రి పట్టా కింద ఉండిపోయినై. తిరుపతమ్మ బండి తీస్కపోయింది. గుండీ తిప్పింది. ముందు చక్రాలు అందుకుంటే నిలకడగ వెలిగే దీపం మిణుకుమిణుకుమన్నది గని నిలవలేదు. ఎనుక చక్రాలు మట్టి చిమ్మినై, ముందు చక్రాలు చుట్టాలలెక్క చూసుకుంట కూసున్నై. ఆఖరికి మా ఊరి వేణు తన ట్రాక్టరుతో బండిని గుంజిండు, మూటలు ఆడనే ఉండె.

"ఏందక్కా, నీ బండికి నాలుగు కాళ్ళని చెప్తివి! ముందటి రెండు సెలవు పెట్టినయా?" అన్నడు వేణు.

"నీ ట్రాక్టరు లోను తీరినంక మాట్లాడు తమ్మీ," అన్నది తిరుపతమ్మ.

నిజామాబాద్ల కంఠేశ్వర్ దిక్కు ఒక షెడ్డుకు తీస్కపోయినం. వాళ్ళు బండికి వైరు కట్టి కంప్యూటర్ల చూసిండ్రు. గుండీ మార్చిండ్రు. గేరుడబ్బా పక్కన ఉండే చిన్న మోటరు మార్చిండ్రు. దీపం మళ్ళ అట్లనే మిణుకుమన్నది. భీమన్నకు ఓపిక పోయింది. ధర్మాబాద్ నుంచి పాత బండ్లు కొనే సేటుకు మాట ఇచ్చేసిండు. శుక్రవారం పొద్దుగాల్ల వచ్చి తీస్కపోతడు.

తిరుపతమ్మ ఒక్క షరతు పెట్టింది. "బేస్తారం పొద్దుమూకెదాక మెకానిక్ మోషేను చూడనీ. కాకపోతే తాళంచెవి నా చేత్తోనే ఇస్త."

మోషే దగ్గరికి పోయే తొవ్వల నాతోని అన్నది: "బాపూ, పసుపు ఏరే పని నాకు రాక కాదు. గని మళ్ళ పోయి కింద కూసోలేను. పైనుంచి రోడ్డు చూసుడు అలవాటైంది."

మోషే షెడ్డు బోధన్ రోడ్డు మీద ఉంటది. మెథడిస్టు గుడిల ఆదివారం పాటలు ఎత్తుకునేది అతనే. గొంతు పెద్దది, మాటలు ఇంకా పెద్దవి. ఆ బేస్తారం వాళ్ళిద్దరితోని నేను కూడ పోయిన. నేను లేకుంటే మోషే పనిచేయడని కాదు. పెద్దమనిషి నిలబడితే పని పద్ధతిగ జరుగుతది.

"గుండీ మార్చిండ్రా? మోటరు మార్చిండ్రా? నయం, డ్రైవర్ను మార్చమనలే," అన్నడు మోషే.

"నన్ను మార్చుడు మీ భీమన్న బావతోనే కాలే, వాళ్ళతోని ఏమైతది," అన్నది తిరుపతమ్మ. భీమన్న టైరు దిక్కు చూసిండు.

మోషే నాలుగు చక్రాలూ లేపి బండిని జాకీల మీద నిలబెట్టిండు. తిరుపతమ్మను గుండీ తిప్పి మెల్లగ గేరు వేయమని, తాను పక్కన పండుకొని కిందికి చూసిండు. బండి కింద నడిమి నుంచి ముందుకు పోయే ఇనుప కడ్డీ గిరగిర తిరుగుతున్నది. ముందు చక్రాలు కదలలేదు.

"చూసినవా బాపూ? ఇంజను బలం ముందటిదాక వస్తున్నది. ఆడికెల్లి చక్రం అందుకుంటలేదు. వడ్డించిండ్రు గని తినేటోడు చెయ్యి చాపుతలేడు."

ఆ చెయ్యి చాపించేది గాలి. ఇంజను గాలిని గుంజితే, ఆ గుంజుడు సన్నటి రబ్బరు పైపుల పోయి చక్రం దగ్గరి తాళాన్ని వేస్తది. మోషే బానెట్ లేపి ఇంజను దగ్గర పైపు ఊడదీసి బొటనవేలు అడ్డం పెట్టిండు. పైపు వేలిని గుంజుకున్నది. చక్రం దగ్గర అదే పైపు ఊడదీసి వేలు పెట్టిండు. ఏమీ లేదు. పైపు పొడుగునా చేత్తో తడుముకుంట వచ్చిండు. ఎక్కడా పగల్లేదు, ఎలుక కొరకలేదు. మళ్ళ మొదటికెల్లి తడిమిండు.

ఆ రెండు కొసల నడుమ బ్యాటరీ పక్కన ఒక చిన్న వాల్వు ఉంటది. గుండీ తిప్పితే గాలికి దారి ఇచ్చేది అదే. దాని నెత్తి మీద గుండ్రని మూత. మూత మీద మందంగ పసుపు, నడుమ ఎర్రగ కుంకుమ. మోషే చెయ్యి దాని దాక వచ్చి పక్కకు జరిగింది.

"దాన్ని ముట్టకు మోషే, పూజ చేసిన జాగ," అని నేనే చెప్పిన. పెద్దవాళ్ళం, చెప్పవలసింది చెప్తం.

"నాకు తెల్వదా బాపూ? మీ దేవుని బొట్టు నేనెందుకు చెరుపుత," అన్నడు. కంఠేశ్వర్ షెడ్డోళ్ళు కూడ దాన్ని చూసి కండ్లకద్దుకున్నరు, నేను చూసిన. భీమన్న ఆయిలు చూసినప్పుడల్లా మొక్కేటోడు.

పొద్దు వంగింది. మోషే పానా కింద పెట్టి మొఖం తుడుచుకున్నడు. తిరుపతమ్మ బానెట్ దగ్గరికి వచ్చి లోపటికి వంగింది. ఇంజను పని ఆమె ఎప్పుడూ భీమన్నకే వదిలేసేది.

"గిది ఎవరు పెట్టిండ్రు?" అన్నది.

"నువ్వే గదా?" అన్నడు భీమన్న.

"నేనెందుకు పెడ్త? దసరాకు స్టీరింగుకు, ముందు అద్దానికి పెట్టిన. బానెట్ లోపట చీకట్ల దేవున్ని ఎవరన్న కూసోబెడ్తరా?"

"నేనైతే పెట్టలే," అన్నడు భీమన్న.

అందరు మోషే దిక్కు చూసినం.

"నా దిక్కు చూస్తరేంది! నేను పాస్టరు కొడుకును!"

మోషే గోరుతోని గీకిండు. అది బొట్టు కాదు. మూత మొత్తం పసుపు పెచ్చు కట్టి ఉన్నది. మూత తీస్తే కింద దూది లాంటి జల్లెడ, దాని నిండ పసుపే. వాల్వు లోపట కూడ పసుపు గడ్డ. అప్పుడు తిరుపతమ్మకు యాదికొచ్చింది. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము పక్కన, ఇంజను బంజేయకుండ, ఆమె రోజుల తరబడి మూటలెత్తించింది. డ్రమ్ము తిరిగితే ధూళి మబ్బులెక్క లేస్తది. మిగిలిన చోట్ల పడ్డ ధూళి గాలికి పోయింది. ఊపిరి గుంజే మూత కాబట్టి ఇక్కడ నిలిచింది. భీమన్న శ్రద్ధగ సబ్బుపొడి నురుగు కొట్టి ఇంజను కడిగినప్పుడల్లా గట్టిపడ్డది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రగైతది, మా దిక్కు చిన్నపిల్లలకు కూడ తెలుసు. నురుగు నిలిచిన నడుమ భాగం కుంకుమ అయింది.

"ఇన్ని రోజులు నేను మొక్కింది దుమ్ముకా?" అన్నడు భీమన్న.

"మంచిగ మొక్కినవ్ బావా, అందుకే కదలకుండ కూసున్నది," అన్నడు మోషే.

వాల్వు లోపట పాడైంది. మోషే తన షెడ్డు ఎనుక పడి ఉన్న పాత బండి వాల్వు తీసి బిగించిండు. తిరుపతమ్మ గుండీ తిప్పింది. దీపం మిణుకుమని నిలిచింది. జాకీల మీద ముందు చక్రాలు రెండూ తిరిగినై. ఆమె గేరు తీయలేదు. అట్లనే కొద్దిసేపు తిప్పుకుంట కూసున్నది. మోషే ఏదో పాట ఎత్తుకున్నడు గని ఇంజను సప్పుడుల వినబడలే.

శుక్రవారం పొద్దుగాల్ల ధర్మాబాద్ సేటు కారుల దిగిండు. "గాడీ కుఠే ఆహే?" అని మరాఠీల బండి జాడ అడిగిండు.

"పనికి పోయింది," అన్నడు భీమన్న.

"అమ్మేది కాదా?"

"అమ్మేదే ఉండె, నిన్నటిదాక."

అంతల తిరుపతమ్మ నా మూటలు వేసుకొని కల్లంల నుంచి వచ్చింది. బండి తలుపులదాక బురద. సేటుకు చాయ్ పోయించి, జరిగిందంతా దాచకుండ చెప్పింది. సేటు కోపం చేయలే. వ్యాపారి మనిషి, చాయ్ తాగుకుంట ఆలోచన చేసిండు.

"అయితే పసుపు ఊళ్ళల్ల ఇసుంటి రోగమున్న బండ్లు ఇంకా ఉంటయ్. చవకగ అమ్ముతరు. ఎవరివో జర నాకు చెప్పు బాయీ."

"చెప్త సేటు," అన్నది తిరుపతమ్మ. "ముందుగాల బండి గలోళ్ళకు చెప్పి, తర్వాత నీకు చెప్త."

చెప్పింది కూడ. ఆ వారం చుట్టుపక్కల ఊళ్ళల్ల ముందు చక్రాలు తిరిగే పికప్పులన్నిటికీ బానెట్లు లేచినై. రెండు బండ్లకు రోగం అదేనని తేలింది. ఒకాయన బండికి మాత్రం అది నిజంగనే పూజ పసుపు. తుడిచినంక ఆయన తల్లి తిట్టింది. మళ్ళ పెట్టుకున్నరు.